నారింజ ఎవరిది?

"మళ్ళీ వచ్చిందండీ, ఆ దొంగ ముసలమ్మ!"

రేణు కిటికీ తెర పక్కకి లాగింది.

శ్రీధర్ ఆఫీసు బూట్లు విప్పుతూ నవ్వాడు. "మొగుడొస్తే హలో లేదు గానీ, ముసలమ్మకి మాత్రం ఎదురుచూపులా?"

"మీరు కాయలు ఎత్తుకుపోరుగా!"

అరిజోనాలోని టెంపీ ఊళ్ళో, వాళ్ళ అపార్ట్‌మెంట్ల మధ్య నాలుగు నారింజ చెట్లున్నాయి. పుల్లటి కాయలు కావడంతో ఎవరూ ముట్టుకోరు. రాలి, కార్ల కింద నలిగిపోతాయి.

అది ఎనభై రెండో సంవత్సరం. రేణుకి పెళ్ళయి మూడు నెలలు.

అమెరికాలో దిగిన మర్నాడు ఆ చెట్లు చూసి చిన్నపిల్లలా గంతులేసింది. నారింజ పులిహోర కలిపింది. గోటితో తొక్క గిల్లి, ఆ వాసన శ్రీధర్ చొక్కాకి కూడా రాసింది. దీపావళికి ఫీనిక్స్‌లో తెలుగువాళ్ళంతా కలుస్తారంటే, "నారింజకాయ ఊరగాయ నాది!" అని ఆ విందు పెడుతున్న లలితగారికి ఫోన్లో మాట ఇచ్చేసింది. కాపురానికొచ్చాక ఆమె పెట్టబోయే మొదటి ఊరగాయ అది.

కాయే కాదు, పేరు కూడా ఆమెకి ముద్దే.

"ఏమండీ, పై అంతస్తులో లూసియా ఉందే, వాళ్ళ పోర్చుగల్లో లరాంజ అంటారట! మీ ఆఫీసులో హంగరీ ఆయన్ని అడిగారా?"

"అడిగాను. నొరొంచ్ అట. నాకేమైనా జ్వరమా అన్నట్టు చూశాడు."

"స్పెయిన్లో నరాంహ. ఇటలీకి వెళ్ళేసరికి ముందున్న నకారం ఊడి అరాంచా. ఫ్రాన్సులో ఒరాంజ్, ఇంగ్లీషులో ఆరెంజ్. అన్నీ మన నారింజ మనవలేనండీ! దక్షిణాదిలో బయల్దేరి, పర్షియా దాటి, అరబ్బుల వెంట యూరప్ చేరిందని మా ప్రొఫెసర్ గారు చెప్పేవారు."

"వీసా లేకుండానే?"

"గ్రీన్ కార్డు కూడా లేకుండానే!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

కానీ ముసలమ్మ విషయం మాత్రం నవ్వులాట కాదు.

నల్ల గౌను, తలకి రుమాలు, చేతిలో చిన్న బుట్ట. అక్కడ ఉండే మనిషి కాదు. సాయంత్రమయ్యేసరికి గేట్లోంచి కుంటుకుంటూ వచ్చి, చెట్టుకో కాయ కోసుకుని పోతుంది. ఊరగాయ కోసం రేణు మంచి కాయలు చూసి ఎర్ర దారం కట్టి ఉంచితే, ముసలమ్మ ఆ దారం నెమ్మదిగా విప్పి, కొమ్మకి తగిలించి మరీ కాయ తీసుకుపోయేది.

ఆరోజు రేణు చెప్పుల్లేకుండానే పరుగెత్తింది.

"ఆగండి! దారం కనబడలేదా? ఈ కాయలు నావి!"

ముసలమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. చెట్టు మీద అరచెయ్యి ఆనించి, "నాది," అంది.

"మీదెలా అవుతుంది? మీరిక్కడ ఉండరు కదా!"

"నాది. నెరాంజి."

రేణు నోరు తెరిచింది. "ఏమన్నారు?"

"గ్రీకు. తీపిది పోర్తొకాలి. పుల్లది నెరాంజి."

నెరాంజి! ఒక్క క్షణం రేణు ఒళ్ళంతా పులకరించింది. మరుక్షణం రెండింతలు మండింది.

"ఆ పేరు కూడా మా దగ్గర్నుంచి వచ్చిందే! పేరు మాది తీసుకుని, కాయలు కూడా మీవే అంటారా?"

ముసలమ్మకి ఎంతవరకు అర్థమైందో, బుట్టలోంచి ఒక కాయ తీసి రేణుకి ఇవ్వబోయింది.

"నా కాయ నాకే దానమా?"

రేణు తిన్నగా అపార్ట్‌మెంట్ల మేనేజర్ దగ్గరికి నడిచింది. అతని పేరు హాల్.

"బయటివాళ్ళొచ్చి కాయలు దొంగిలిస్తుంటే మీరు చూస్తూ ఊరుకుంటారా?"

హాల్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "కంప్లెయింట్ ఇస్తున్నారా, మేడమ్?"

"ఇస్తున్నాను!"

కారే కుళాయి బాగుచెయ్యమంటే నెల తిప్పిన మనిషి, ఆ సాయంత్రానికే గేటుకి తాళం వేయించాడు.

మర్నాడు ముసలమ్మ వచ్చింది. గేటు కమ్మీలు పట్టుకుని చీకటి పడేదాకా నిలబడింది.

"పాపం రేణూ, నాలుగు కాయలే కదా," అన్నాడు శ్రీధర్.

"కాయల గురించి కాదండీ, న్యాయం గురించి!" అని తెర మూసేసింది.

కొన్నాళ్ళు అలాగే వచ్చింది ముసలమ్మ. తర్వాత రావడం మానేసింది.

దీపావళి విందులో ఊరగాయ జాడీ అడుగంటింది. "నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్!" అన్నారు లలితగారు. ఆ మాట రేణు ఇంటికొచ్చేదాకా కార్లో తల్చుకుని తల్చుకుని మురిసింది.

సంక్రాంతి వెళ్ళిన వారంలో, ఉదయాన్నే రంపం చప్పుడు.

రేణు బయటికి వచ్చేసరికి రెండు చెట్లు నేలమీద ఉన్నాయి, కాయలతో సహా. హాల్ టేపు పెట్టి నేల కొలిపిస్తున్నాడు.

"ఆపండి! కాసే చెట్టుని కొడతారా? మీకు మనసెలా వచ్చింది?"

"ఇక్కడ కార్ షెడ్లు వస్తాయి, మేడమ్. ఎన్నేళ్ళ నుంచో ఆగాం. మీ దయవల్లే కుదిరింది."

"నా దయేమిటి?"

"ఈ స్థలమంతా ఒకప్పుడు నారింజ తోట. అమ్మినావిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. కాయలున్న రోజుల్లో నెలనెలా తను వచ్చి తన చేత్తో కాయలు కోసుకున్నన్నాళ్ళూ ఈ నాలుగు చెట్లూ కొట్టకూడదు. మాకై మేము ఆవిణ్ణి ఆపడానికి వీల్లేదు, అద్దెకున్నవాళ్ళు కంప్లెయింట్ ఇస్తే తప్ప. రెండు నెలలుగా ఆవిడ ఒక్క కాయా కోయలేదు."

మూడో చెట్టు మొదట్లో రంపం మళ్ళీ మొదలైంది.

"ఎక్కడుంటారావిడ? నేను మాట్లాడతాను. కాళ్ళు పట్టుకుంటాను!"

"కూతురొచ్చి బోస్టన్ తీసుకెళ్ళిపోయింది."

"ఆవిడ పేరైనా చెప్పండి!"

హాల్ టేపు చుట్టుకుంటూ అన్నాడు. "పేరెందుకు మేడమ్, మీరు దొంగ అని గేటు మూయించారే, ఆవిడే."