మందుల షాపు బయట

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. రాయడం కూడా మెల్లగానే.

"ఎవరికి జలుబు?" గోళీలు కత్తిరిస్తూ అడిగాడు మందుల షాపు ప్రభుదాస్.

"మా కోడలు అఖిలకే. నిన్నటి సంది ఒళ్లు కూడ కాలుతున్నది."

"కడుపుతోటి లేదు గద? ఉంటే ఇవి వద్దు."

"అసొంటిదేం లేదు," అన్నాను.

పక్కనే ఉన్న అఖిల గోళీలకు చెయ్యి చాపలేదు. నా వైపు చూసి తల దించుకుంది.

పోయినసారి నెల తప్పిన సంగతి ముందు నాకే చెప్పింది. కడుపు నిలవలేదు. నాలాంటి మొగుడు పోయినదాని చెవిన ముందు పడ్డందుకేనని వాడకట్టంతా అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఉక్కపోస్తున్నది. నేను బయట నిలబడ్త, నువ్వు మాట్లాడు బిడ్డా," అని రోడ్డు మీదికి వచ్చాను. బస్సుల మోతలోనూ వాళ్ల గొంతులు వినబడ్డాయి.

"ఇంట్ల చెప్పినవా చెల్లె?"

"అత్తమ్మకు చెప్పలే. భయమైతున్నది."

"ఈ గోళీలు వద్దు. ఉప్పునీళ్లు పుక్కిలించు, ఉత్త నీళ్ల ఆవిరి పట్టు. జ్వరమున్నది గద, ఇప్పుడే దవాఖానకు పో."

ఆమె ఖాళీ చేతులతో వచ్చింది.  ఎదురు పడకుండా వెనకే నడిచాను.

కొంత దూరం పోయి అఖిల ఆగింది.

"విన్నవ్ గద అత్తమ్మా. గట్ల వెనక నడుస్తవేంది, పక్కకు రా. పోయినసారి సంగతి డాక్టరమ్మకు నువ్వే చెప్పాలె. నాకు నోరు రాదు."

"నేనా?"

"అవ్, నువ్వే."

యాదలక్ష్మి, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది ఇబ్రహీంపట్నంలో, కోడలి దగ్గర.