నిద్రపోతున్న డాక్

"నమస్కారం మేడమ్. క్షమించాలి, మీరొచ్చేలోపు నెట్ తెప్పిద్దామనుకున్నాను. రావట్లేదు."

ఆమె తలుపు తోసుకుని లోపలికి రాగానే, నెరిసిన జుట్టాయన కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అన్నాడా మాట. మెడకి టై, నుదుటి మీద చెమట. ఉద్యోగం అడగడానికి వచ్చిన మనిషికి ఇంత మర్యాదా! ఆమెకి సగం భయం అక్కడే పోయింది.

మిగతా సగం అలాగే ఉంది. పాప పుట్టాక ఇదే మొదటి ఇంటర్వ్యూ. కింద కాంటీన్‌లో భర్త పాపని భుజాన వేసుకుని పచార్లు చేస్తున్నాడు. అది రాగం అందుకునేలోగా ఈ గండం గట్టెక్కాలి.

"మీరు కూర్చోండి సార్. ఏమైంది?"

"లైనక్స్ ల్యాప్‌టాప్ మేడమ్. ఈ డాక్‌కి తగిలిస్తే పెద్ద తెర వస్తోంది, కీబోర్డు, మౌస్ పనిచేస్తున్నాయి. నెట్ ఒక్కటే మొండికేసింది."

బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన అరచేతంత నల్లపెట్టె, అదే డాక్. తెర, కీబోర్డు, నెట్ కేబుల్, అన్ని తీగలూ ఆ పెట్టెలోకే వెళ్తున్నాయి. ప్రశ్నలు అడగడం మానేసి చేసి చూపించమంటున్నాడన్నమాట! ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"కేబుల్ మార్చి చూశారా సార్?"

"చూశాను మేడమ్. అదే తంతు."

"డాక్‌లో ఉన్న నెట్‌వర్క్ చిప్‌ని సిస్టమ్ గుర్తుపట్టిందా?"

"పట్టింది. దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా సరైనదే. కావాలంటే చూడండి." చకచకా కమాండ్ కొట్టి తెర ఆమె వైపు తిప్పాడు.

నిజమే. ఆమె అడగబోయేవన్నీ ఆయన ముందే చూసేశాడు. అన్నీ తెలిసే అడుగుతున్నాడు, గట్టి పిండమే అనుకుంది.

"కేబుల్ పీకి మళ్ళీ పెడితే?"

"డాక్ మీద పచ్చ లైటు వెలుగుతుంది మేడమ్. ఒక్క క్షణం ఉండి ఆరిపోతుంది. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అదే అంతుపట్టట్లేదు."

పీకి పెట్టాడు. వెలిగింది. ఆరిపోయింది.

ఆమె ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. "సార్, ఇది పాడవలేదు. నిద్రపోతోంది!"

"నిద్రా?"

"బ్యాటరీ ఆదా చేసే ప్రోగ్రాం ఏదైనా నడుస్తోందేమో చూడండి. పనేమీ లేదనుకుని చిప్‌ని జోకొట్టి పడుకోబెట్టేస్తుంది. మా పాపని కూడా ఎవరైనా ఇలా పడుకోబెడితే ఎంత బాగుండు!"

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే వెతికాడు.

"ఉంది మేడమ్, ఉంది! నాకెందుకు తట్టలేదో!"

"నెట్‌వర్క్ చిప్ జోలికి మాత్రం వెళ్ళొద్దని దానికి చెప్పండి. అక్కడ కాదు, ఆ కింది లైనులో... ఒక అక్షరం తప్పు పడింది సార్."

"కంగారులో చూసుకోలేదు మేడమ్, ఏమనుకోకండి."

సరిచేసి, ప్రోగ్రాంని మళ్ళీ మొదలుపెట్టి, కేబుల్ గుచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లైటు ఆరలేదు. తెర మీద నెట్ అవతలి నుంచి జవాబులు ఒకదాని వెంట ఒకటి జలజలా రాలాయి.

"వచ్చింది!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. చేతులు చరుచుకున్నారు. అంతలోనే సిగ్గుపడి ఎవరి చెయ్యి వాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఇవాళ ఇంటికి సంతోషంగా వెళ్ళొచ్చు అనిపించిందామెకి. ఆ ఊపులో మనసులో మాట పైకే అనేసింది.

"ఇంత ఓపిగ్గా వినేవాళ్ళని నేనెక్కడా చూడలేదు సార్. మీ చేతికింద పనిచేసే అవకాశం ఇస్తే, నాకు అంతకన్నా ఏం కావాలి?"

ఆయన మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

"నా చేతికిందా? అదేంటి మేడమ్... నన్ను ఇంటర్వ్యూ చెయ్యడానికి వచ్చింది మీరు కాదా?"