రేపటి అర

డ్రిల్లింగ్ మిషన్ తిరిగొచ్చింది. వెళ్ళినప్పటికంటే బాగా తిరిగొచ్చింది.

మిషన్లు అద్దెకిచ్చే షాపాయన ఇలాంటి వింత ఎన్నడూ చూడలేదు. అద్దెకు వెళ్ళిన మిషన్ ఒళ్ళు హూనమై వస్తుంది గానీ, తలంటుకుని రాదు.

పొద్దున టేపు చుట్టి ఉన్న పాత వైరు ఇప్పుడు లేదు. దాని చోట కొత్త వైరు ఉంది. గాలి రంధ్రాల్లో దుమ్ము లేదు. బిట్టు బిగించే తాళం వైరు చివర, ప్లగ్గు పక్కనే, గుడ్డపేలికతో ముడేసి కట్టి ఉంది. ప్లగ్గు పీకితే గానీ ఆ తాళం బిట్టు దాకా అందదు.

“ఏం పని చేశారు పెద్దమ్మా దీంతో?” అని అడిగాడు.

“చిన్న పనే బాబూ,” అంది పెద్దావిడ. కళ్ళజోడు సర్దుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి వారం మళ్ళీ వచ్చింది. ఈసారి కటింగ్ మిషన్ కావాలంది.

షాపులో తలుపు పక్కన ఒక అర ఉంది. ఎవరైనా ఫోన్ చేసి చెబితే, మర్నాడు వాళ్ళకివ్వాల్సిన మిషన్ మీద సుద్దతో పేరు రాసి అక్కడ పెట్టడం షాపాయన అలవాటు. పెద్దావిడ ఆ అర వైపే వేలు చూపించింది.

“అది రేపు హడావిడికి ఇవ్వాలి. ఇటు చూడండి, ఇది కొత్తది.”

“అదే ఇవ్వు బాబూ. సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాను.”

హడావిడి అంటే గేట్లూ గ్రిల్సూ చేసే కుర్రాడు. పని బంగారం, మనిషికే నిలకడ లేదు. ప్లగ్గు పీకకుండానే బ్లేడు మార్చేస్తాడు. కళ్ళకు అద్దాలు పెట్టుకోమంటే, “ఏమీ కాదు బాబాయ్” అంటాడు. ఆ పేరు పెట్టింది షాపాయనే, ఇప్పుడు ఊరంతా అలాగే పిలుస్తుంది.

సాయంత్రం కటింగ్ మిషన్ కూడా తళతళలాడుతూ వచ్చింది. బ్లేడుకు ఇనప రజను అంటలేదు. ఏ పనీ చేసిన గుర్తు లేదు.

“ఏం కడుతోందంటావ్?” అని భార్యను అడిగాడు.

“ఓడ కడుతోందేమోలెండి,” అంది ఆవిడ లెక్కచేయకుండా.

ఆ సంగతి తెలియక షాపాయనకు అన్నం సయించలేదు. ఉండబట్టలేక మిషన్ విప్పి చూశాడు. లోపల మోటారుకు కరెంటు అందించే కార్బన్లు కూడా కొత్తవే.

అప్పుడు పుట్టింది అనుమానం.

“అసలువి పీక్కుని నకిలీవి వేస్తోందేమో.”

“నకిలీవైతే ఇంత మెత్తగా తిరుగుతుందా?”

“నీకు లోకం తెలీదు. అద్దె కట్టి మరీ మన మిషన్ బాగుచేసే పిచ్చివాళ్ళెవరుంటారు?”



మళ్ళీ వచ్చినప్పుడు పెద్దావిడ అదే అరలోంచి గ్రైండర్ తీసింది. చక్రాన్ని వేళ్ళతో మెల్లగా తిప్పి, వెలుతురుకు పెట్టి చూసింది.

“నిజం చెప్పండి పెద్దమ్మా. నా మిషన్లు ఎందుకు విప్పుతున్నారు?”



“చెబితే పని చెడుతుంది బాబూ.”

“అయితే ఇవ్వను. ఇక ఈ షాపుకు రావద్దు కూడా.”

పెద్దావిడకు కోపం రాలేదు. సంచిలోంచి ఒక రేకు డొప్ప తీసింది. చక్రం పగిలితే ముక్కలు మనిషి మీదికి రాకుండా కాసే డొప్ప అది. గ్రైండరుతో వచ్చినదాన్ని, చేతికి అడ్డమని ఎవరో ఎప్పుడో ఊడబీకి పారేశారు.

“నాకివ్వకపోతే మానె. ఇది బిగించి ఇవ్వు. చక్రానికి సన్నటి బీట ఉంది, అదీ మార్చు,” అని కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

షాపాయన డొప్పను బల్ల కిందికి నెట్టేశాడు. పొద్దున్నే హడావిడి వచ్చి, గ్రైండర్ని ఉన్నదున్నట్టే పట్టుకుపోయాడు.

హడావిడి మళ్ళీ నాలుగు రోజులకు వచ్చాడు. మోచేతి నుంచి వేళ్ళ దాకా కట్టు ఉంది.

“చక్రం పగిలింది బాబాయ్. రెండు వేళ్ళు ఇక వంగవంటున్నాడు డాక్టరు.”

 షాపాయన దాచుకోలేక పెద్దావిడ సంగతంతా చెప్పేశాడు. బల్ల కింద నుంచి డొప్ప తీసి చూపించాడు. తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

హడావిడి తిట్టలేదు. పక్కనున్న డ్రిల్లింగ్ మిషన్ వైరు పట్టుకుని, మంచి చేత్తో ఆ గుడ్డపేలిక ముడిని తడిమాడు.

“ఇది నువ్వు కట్టింది కాదా?”

“ఆవిడే కట్టింది.”

“నీ మిషన్ పట్టుకున్నప్పుడల్లా మా నాన్న గుర్తొచ్చేవాడు బాబాయ్. ఆయనా తాళం ఇలాగే కట్టేవాడు, ఇదే ముడి. ఎలా ఉంటుందావిడ?”

“సన్నగా ఉంటుంది. కళ్ళజోడుకు ఒక వైపు దారం. మాట మెత్తన.”

హడావిడి ముఖంలో రంగు మారింది.

షాపాయనకు అప్పుడు తట్టింది. పెద్దావిడ చేయి వేసిన ప్రతి మిషన్ మీదా సుద్దతో రాసి ఉన్నది ఒక్కడి పేరే.

“ఎక్కడుంటుంది?”

“అడగలేదబ్బాయ్. సాయంత్రానికే తెచ్చిచ్చేది కదా. మళ్ళీ రాలేదు. ఇంతకీ ఎవరావిడ?”

హడావిడి మొదటిసారి తొందరపడకుండా జవాబు చెప్పాడు.

“మా నాన్న రెండో పెళ్ళి చేసుకుని తెచ్చినావిడ. నాన్న పోయాక, నువ్వు నాకేమీ కావని గడప దాటించింది నేనే బాబాయ్.”