మడ తోపు బేరం

"రొయ్యల చెరువుకేగా?" అన్నాడు శోభనాద్రి, నవారు మంచం మీద కాలు మీద కాలేసుకుని.

ఉమాశ్రీ పక్కకి చూసింది. పక్కనున్న రామచంద్రమూర్తి గారు గొంతు సవరించుకుని, ఊఁ అనమన్నట్టు కళ్ళెగరేశారు.

"అవునండీ బాబాయ్ గారూ. చెరువుకే."

అబద్ధమాడటం ఆమెకి బొత్తిగా చేతకాదు. చెవులు ఎర్రబడిపోయాయి. నాగాయలంక అవతల, ఏటి ఒడ్డున ఉన్న ఆ మడ తోపుని కొమ్మ విరగకుండా కాపాడాలనే కదా, ఆమె ట్రస్టు వాళ్ళు ఊరూరా చందాలు పోగేసింది! బందరు కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఉమాశ్రీ, సెలవు దొరికితే చాలు, బస్సెక్కి ఇక్కడికొచ్చేస్తుంది. కిందటేడు ఆ తోపులోనే బావురుపిల్లిని చూసింది. నీళ్ళలో దిగి చేపలు పట్టుకునే అడవిపిల్లి అది. దాని వెనకే రెండు కూనలు. ఆవేళ బస్సులో సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

చెరువని చెప్పమన్నది ఆమె మేనమామ రామచంద్రమూర్తి గారే. రిటైరైన హెడ్మాస్టరు, ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిన మనిషి. "పిచ్చిపిల్లా, పిల్లికనీ పిట్టకనీ అన్నావో, బేరం అక్కడితో సరి. అడవి పేరు చెబితే పక్క పొలాలకి కూడా ఆంక్షలొస్తాయని ఇక్కడ ఒక్కొక్కడికీ హడలు. చెరువను. కాగితాలయ్యాక నిజం చెప్పుకుందాం. తిడితే నేను పడతాను" అన్నారు.

శోభనాద్రి భార్య రావమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చిచ్చింది.

"ఆ నేలని అడిగేవాళ్ళు కూడా ఉన్నారా!" అని బుగ్గ నొక్కుకుంది. "ఉప్పెనొచ్చి పోయాక అక్కడ గింజ పండలేదమ్మా. ఈయనకి ఆ ఊసెత్తితేనే చిన్నతనం."

"ఉండదా మరి? రైతునై ఉండి నా పట్టాలో అడవి పెరిగితే ఊళ్ళో ఎలా తలెత్తుకోను?" అని కసిరాడు శోభనాద్రి.

ధర దగ్గర ఆయన పేచీ పెట్టలేదు. రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం మెలిక వేశాడు.

"కాస్త ఆగండి మేష్టారూ. నేనే కబురు చేస్తాను. ఈలోగా అటు రాకండి, వానలకి దారంతా దిగబడిపోతోంది."

"ఎన్నాళ్ళండీ?" అంది ఉమాశ్రీ.

"చెప్తాగా అమ్మాయ్!"

ఆయన చెప్పనే లేదు. ఫోన్ చేస్తే "ఈ వారం కుదర్దమ్మా" అన్నాడు. మళ్ళీ చేస్తే రావమ్మ ఎత్తి, "ఇంట్లో లేరు, పొద్దున్నే ఎటో వెళ్ళారు" అంది. ట్రస్టు పెద్ద భార్గవ్ గారు మాత్రం రోజూ ఒకటే పాట. "నెలాఖరు దాటితే ఈ డబ్బు ఆగదు ఉమా గారూ. వేరే చోటికి మళ్ళించేస్తారు."

ఉమాశ్రీకి గుండెల్లో రాయి పడింది. ఇదివరకు రెండు తోపులు ఇలాగే చేజారాయి. బేరం కుదిరిందనుకునేలోగా చెరువులైపోయాయి. ఇక ఆ ఒడ్డున మిగిలింది ఇదొక్కటే.

"ఒక్కసారి వెళ్ళి చూసొస్తాను మావయ్యా. ఉండబట్టట్లేదు."

"మెళ్ళో కెమెరా వేసుకుని చెట్ల వెంట తిరిగావంటే, చెరువుకని ఎవడు నమ్ముతాడే? నోరు మూసుకుని ఇంట్లో కూర్చో" అని కసిరారు రామచంద్రమూర్తి గారు.

ఆ మావయ్యే వారం తిరక్కుండా గుడివాడ నుంచి వస్తూ బందరులో ఉమాశ్రీ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"శోభనాద్రి కనిపించాడే. చెరువుల కిరణ్ ఆఫీసులోంచి వస్తున్నాడు. కిరణ్ భుజం మీద చెయ్యేసి మరీ సాగనంపాడు."

చేజారిన ఆ రెండు తోపులూ ఇప్పుడు కిరణ్ చెరువులే. ఉమాశ్రీ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"అయిపోయింది మావయ్యా. నేను చెయ్యేసింది ఏదీ మిగలదు. నిజం చెప్పినా పోతుంది, అబద్ధమాడినా పోతుంది. ఆ తల్లి కూనల్నేసుకుని ఎక్కడికి పోతుంది చెప్పు?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు కాలేజీకి కూడా వెళ్ళలేదు. అలా ఎన్నాళ్ళుండేదో గానీ, నెలాఖర్లో ఫోన్ మోగింది.

"రేపు అవనిగడ్డ రిజిస్ట్రారాఫీసుకి వచ్చెయ్ అమ్మాయ్. మేష్టార్ని కూడా తీసుకురా" అన్నాడు శోభనాద్రి.

ఆమె నమ్మలేదు. సంతకాలయ్యేదాకా నమ్మలేదు. ఆయన వేలిముద్ర మిషన్ మీద పడ్డాక మాత్రం, అందరిముందూ చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

బయట వరండాలో శోభనాద్రి ముగ్గురికీ సోడాలు తెప్పించాడు.

"ఇన్నాళ్ళూ తిప్పించుకున్నానని తిట్టుకున్నావు కదూ?"

"తిట్టుకున్నానండీ!" అని నవ్వింది ఉమాశ్రీ. "కిరణ్‌కి ఇచ్చేశారనుకున్నాను."

"ఛ! మాటిచ్చాక మారుస్తానా? వాడితో వేరే పని పడిందిలే."

ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. "బాబాయ్ గారూ, క్షమించండి. మీకో నిజం చెప్పాలి. ఆ నేల నేను..."

"ఆగాగు, ముందు నన్ను చెప్పనీ." ఆయన ముఖం వెలిగిపోతోంది. "మా నాన్న గేదెని అమ్మితే, ఒళ్ళంతా కడిగి, పసుపు రాసి మరీ తోలేవాడు. ఉన్నదున్నట్టు పంపితే ఇంటికి పరువు తక్కువనేవాడు. నువ్వేమో ఆడపిల్లవి, ఒక్కదానివి. అందుకే ఆగమన్నాను. ఖర్చంతా నాదే, నీ దగ్గర పైసా పుచ్చుకోను."

ఉమాశ్రీ సోడా సీసా గట్టు మీద పెట్టేసింది.

"ఏం చేశారు బాబాయ్ గారూ?"

"కిరణ్ మిషన్లు పెట్టించి, ఒక్క చెట్టు లేకుండా పీకించేశానమ్మా."