మిగిలిన గౌను

“గౌను విప్పేస్తున్నారేంటి బాబాయ్? తర్వాత పిలిచేది మీ పేరే!”

గుమాస్తా అరుపుకి టాక్సీ డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

“నా వల్ల కాదు సార్. భయమేస్తోంది. పట్టా ఇంటికి పంపించెయ్యండి.”

గుమాస్తా తల పట్టుకున్నాడు. పగలు పనులు చేసుకుంటూ సాయంత్రాలు చదువుకుని డిగ్రీ తెచ్చుకున్న పెద్దవాళ్ళకి విశ్వవిద్యాలయం పట్టాలిచ్చే రోజది. నిరుడు సగంమంది సిగ్గుపడి ఇళ్ళలోనే కూర్చుంటే పట్టాలు పోస్టులో పోయాయి. ఈసారి ఒక్కరినీ తప్పిపోనివ్వనని పై అధికారికి గొప్పగా మాటిచ్చాడు. తీరా చూస్తే వేదిక వెనక గదిలో ఒకరికి చెమటలు, ఒకరికి దాహం, ఇంకొకరికి ఉన్నట్టుండి ఇంట్లో గ్యాస్ కట్టేశామా లేదా అన్న అనుమానం. చిన్నపిల్లలే నయమనిపించింది అతనికి.

ఆదుకున్నది దర్జీ అక్కే. ఏటా గౌన్లు సరిచెయ్యడానికి వచ్చే ఆవిడని ఆఫీసంతా అలాగే పిలుస్తారు. స్టూలెక్కి డ్రైవరు కాలరు సర్దింది.

“పరీక్ష రాసినప్పుడు లేని భయం ఇప్పుడెందుకన్నా? నడవండి!” అంటూ వీపు మీద చెయ్యేసి తోసింది.

ఆయన వెళ్ళాడు. నర్సమ్మనీ, తోటమాలినీ కూడా అదే మాటతో వేదిక ఎక్కించింది. చివరికి కొక్కేనికి ఒక్క గౌను మిగిలింది. మైకులో ఒకావిడ పేరు పిలిచారు. ఎవరూ కదల్లేదు.

“ఎక్కడికి పోయిందీవిడ?” గుమాస్తా ఫోన్ చేశాడు. స్విచాఫ్. “అక్కా, ఈ గౌను పొడుగు తగ్గించింది మీరేగా? మనిషి గుర్తుందా?”

“పొట్టిమనిషి,” అంది దర్జీ అక్క, కిందపడ్డ పిన్నులు ఏరుకుంటూ. “రాదేమో లెండి. పోస్టులో పంపించెయ్యండి. ఏం కొంప మునిగింది?”

“నా కొంపే మునిగింది! మూడోసారి పిలిచాక సభ ముగించేస్తారు. ఇన్నేళ్ళు చదివింది ఇవాళ దాక్కోడానికా?”

“ఈ వయసులో డిగ్రీ ఏంటని నవ్వుతారనుకుందేమో.”

“ఎవరు నవ్వుతారు? ఇందాకట్నుంచి మీరు తోసినవాళ్ళని చూసి ఒక్కరైనా నవ్వారా?”

ఆవిడ ఇంకో పిన్ను ఏరి డబ్బాలో వేసింది. మైకులో రెండోసారి పిలిచారు. గుమాస్తాకి ఒళ్ళు మండిపోయింది. కొక్కెం మీది గౌను లాక్కుని గుమ్మంలోకి వెళ్ళి కేకేశాడు.

“అమ్మా! ఎక్కడున్నారో గానీ, పరీక్ష రాసినప్పుడు లేని భయం ఇప్పుడెందుకమ్మా?”

వరండాలో చడీచప్పుడూ లేదు. మూడోసారి, ఆఖరిసారి, ఆ పేరు మైకులో వినిపించింది. గుమాస్తా నీరుగారిపోయి వెనక్కి తిరిగాడు.

దర్జీ అక్క పిన్నుల డబ్బా మూసేసి, తన గౌను కోసం చెయ్యి చాపింది.