ఫోన్‌లో అడిగిన పేరు

ఫోన్ మోగింది ఇంద్రసేన చేతిలో. అవతలివాళ్లు అడిగింది జగన్నాథన్‌ను.

"మీరిద్దరూ పంపినవి విన్నాం. జగన్నాథన్ వాయించింది మాకు బాగా నచ్చింది. మా ఫంక్ బ్యాండులో బేస్ గిటార్‌కు మనిషి కావాలి. ఆదివారం చెన్నై రమ్మని చెప్పండి."

ఇంద్రసేన తిరువళ్లూరు స్టేషన్‌లో నిలబడి ఉన్నాడు. అప్పుడే అరక్కోణం వైపు రైలొకటి రొద చేస్తూ దాటిపోయింది. ఆ రొద అణిగేదాకా ఆలోచించుకునే వీలు దొరికింది.

"వాడు రాలేడు సార్. ఇంట్లో ఒప్పుకోరు. నేనొస్తాను" అన్నాడు.

"సరే, రా. చూద్దాం."

ఇద్దరివీ అంగళ్లు నడుపుకునే తెలుగు కుటుంబాలే. ఇంద్రసేన వాళ్లది తిరువళ్లూరులో నూనె అంగడి. జగన్నాథన్ వాళ్లది తిరుత్తణి కొండ కింద పూజా సామాన్ల అంగడి. ఇద్దరికీ కలిపి ఒకటే బేస్ గిటార్. కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ. రైల్లో అదీ వాళ్లతోపాటే తిరిగేది.

ఫంక్ అంటే ఏమిట్రా అని ఇంట్లోవాళ్లు అడిగితే జగన్నాథన్ చెప్పేవాడు. "కావడి కొండెక్కేటప్పుడు పంబై డోలు మోగితే మన కాలు మన మాట వినదు గదా. అదే."

చెన్నై బ్యాండు మనిషికోసం వెతుకుతోందని తెలిసి, చెరో ముక్క వాయించి రికార్డు చేసుకున్నారు. జగన్నాథన్ తిరుత్తణిలో బ్రౌజింగ్ సెంటర్‌కు పోయి రెండూ పంపాడు. అప్పటికి అతనికి సొంత ఫోన్ లేదు. ఇంద్రసేన నంబరే ఇచ్చాడు.

"నన్ను రమ్మన్నారు రా" అని ఇంద్రసేన చెప్పినప్పుడు జగన్నాథన్ ముఖంలో రక్తం లేదు.

"నిన్నేనా?"

"ఊఁ."

"సరి. గిటార్ నువ్వే తీసుకుపో."

ఆ తర్వాత అతను మళ్లీ తీగ ముట్టలేదు. అంగట్లో కూర్చున్నాడు.

చెన్నైలో మొదటి రిహార్సల్ అయ్యాక బ్యాండు నడిపే విజయకుమార్ ఇంద్రసేన భుజం తట్టాడు. "అచ్చం మీ ఫ్రెండ్ లాగే వాయిస్తున్నావే!"

మెచ్చుకోలే అది. ఇంద్రసేనకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

బ్యాండు పెరిగింది. కాలేజీ వేదికలు పోయి బెంగళూరు, సింగపూర్ వచ్చాయి. సినిమా రికార్డింగులకు పిలిచారు. ఇంద్రసేన బొటనవేలితో తీగను కొట్టి, చూపుడువేలితో లాగి వదిలితే కుర్చీల్లో ఎవరూ కదలకుండా కూర్చోలేకపోయేవాళ్లు. చప్పట్లు మోగినప్పుడల్లా అతను తల దించుకునేవాడు. ఎంత అణకువ అని పత్రికలు రాశాయి. జగన్నాథన్ పంపిన ఆ ముక్కను ఒకసారి వినిపించమని విజయకుమార్‌ను అడుగుదామనుకునేవాడు. ధైర్యం చాలేది కాదు.

జగన్నాథన్‌ను ప్రతి షోకూ పిలిచేవాడు. అతను ఒక్కదానికీ రాలేదు. అంగట్లో ఎవరి ఫోన్‌లోనైనా ఆ బ్యాండు పాట వినబడితే లేచి లోపలికి పోయేవాడని తెలిసింది. తాను చేసిన గాయం ఇంకా మానలేదనుకున్నాడు ఇంద్రసేన.

ఈమధ్య కూతురు యోగితకు చెవులు కుట్టించడానికి తిరుత్తణి వచ్చాడు. కొండ దిగాక భార్యనూ బిడ్డనూ హోటల్‌కు పంపి, గిటార్ భుజాన వేసుకుని తిన్నగా జగన్నాథన్ అంగడికి పోయాడు. పాత గిటారే. ఎన్ని కొత్తవి కొన్నా దాన్ని వదల్లేదు.

"జగా, ఆ పొద్దు ఫోన్‌లో వాళ్లు అడిగింది నన్ను కాదు రా. నిన్ను. నువ్వు రాలేవని అబద్ధం చెప్పినాను. నీ బతుకు నేను బతుకుతా ఉండాను."

కర్పూరం పొట్లం కడుతున్న జగన్నాథన్ చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నారు వాళ్లు? సరిగ్గా చెప్పు."

"జగన్నాథన్ వాయించింది నచ్చిందన్నారు."

"నా పేరుతో పోయిందా నచ్చింది? బాగా గుర్తుండాదా నీకు?"

"ఆ మాట ఎట్ల మరిచిపోతాను రా?"

జగన్నాథన్ స్టూలు మీద కూలబడ్డాడు. ఎవరో ఆవిడ వచ్చి విభూతి అడిగింది. అతనికి వినబడలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఇంద్రసేన వంగి అతని కాళ్లు పట్టుకున్నాడు.

"కొట్టు రా. తిట్టు. బ్యాండుకు చెప్పేసి వచ్చినాను. ఇంక నేను వాయించను. నాది కానిదాన్ని ఎన్నాళ్లు మోసేది?"

"అయ్యో, మానొద్దు రా!" జగన్నాథన్ ఉలిక్కిపడ్డాడు. "ఎప్పటిదో అది. విడు డా, వదిలెయ్."

"నువ్వు క్షమించినానంటే చాలు నాకు."

జగన్నాథన్ పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. బయట కొండెక్కే బస్సు హారన్ కొడుతోంది.

"క్షమించినాను" అన్నాడు చివరికి.

ఇంద్రసేన గిటార్‌ను బల్లకు ఆనించి, ఒకసారి తీగల మీద చెయ్యి వేసి తీసేశాడు. ఉత్త చేతులతో వీధిలోకి నడిచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి తల ఎత్తుకుని నడుస్తున్నట్టు అనిపించింది.

"ఇంద్రా!" వెనక నుంచి కేక.

తిరిగి చూశాడు. జగన్నాథన్ అంగడి మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఏం రా?"

"ఏం లేదు. పోయిరా."

ఆ రోజు బ్రౌజింగ్ సెంటర్‌లో, తనదానికన్నా బాగుందనిపించి, ఇంద్రసేన వాయించినదానికి తన పేరూ, తాను వాయించినదానికి ఇంద్రసేన పేరూ పెట్టి పంపింది జగన్నాథనే.