మేకప్ తీసేశాక

హైహీల్ చెప్పొకటి రివ్వున వచ్చి ముసలావిడ కెమెరా సంచికి తగిలింది.

"ఎవరు రానిచ్చారు దీన్ని లోపలికి?" అని అరిచింది మెరుపు.

అది క్లబ్బులో డాన్సర్లు ముస్తాబయ్యే గది. బట్టలు విప్పి ఆడే క్లబ్బు. మెరుపు అనేది పోస్టరు మీది పేరు.

ముసలావిడ చెప్పు తీసి, దుమ్ము దులిపి, దాని జత పక్కన పెట్టింది.

"ఇక్కడ నేను ఫోటోలు తియ్యనమ్మా. మీ ఇళ్లల్లో తీస్తాను. మేకప్ తీసేశాక."

"ఎందుకు? పేపర్లో వేసి మా పరువు తియ్యడానికా?"

"పరువా? ఉంటేగా తియ్యడానికి!" అని అద్దం ముందున్న లావుపాటి డాన్సరు పగలబడి నవ్వింది.

"లోకానికి మీ ఒళ్లు తెలుసు. మీ ఇళ్లు తెలియవు. తెలియాలి," అంది ముసలావిడ.

మెరుపు నవ్వలేదు. విడిపోయిన మొగుడు పాపని తనకిచ్చెయ్యమని కేసు వేశాడు. వాయిదా వచ్చే నెలే. అతగాడి సాక్ష్యం ఆ క్లబ్బు పోస్టరు.

పాపకి ఎనిమిదేళ్లు. ఆ పిల్ల పోతే మెరుపు బతుక్కి ఇక మిగిలేది ఆ పోస్టరొక్కటే.

"నెగెటివులు నీ చేతికే ఇస్తాను. నచ్చకపోతే కత్తెరేసెయ్," అంది ముసలావిడ.

ఆ మాట మీద మెరుపు ఇంటికి రానిచ్చింది. ముసలావిడ నెల్లాళ్లు వచ్చింది.

మెరుపు ఉల్లిపాయలు తరుగుతోంది. కెమెరా పైకి లేచిందో లేదో, నడుం వంపు తిరిగింది, కడుపు లోపలికి పోయింది, పెదవి ముందుకొచ్చింది. పన్నెండేళ్ల అలవాటు మరి.

"ఆ వయ్యారం ఉల్లిపాయలకా?" అంది ముసలావిడ. "కడుపు వదిలెయ్. హాయిగా ఊపిరి పీల్చుకో."

పాప పకపకా నవ్వింది. మెరుపుకి ఒళ్లు మండింది.

"నా ఇంట్లో నాకే సుద్దులా? ముసలి పీడా!"

ముసలావిడ తీస్తూనే ఉంది. పాపకి జడ వేస్తున్న మెరుపు. ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న మెరుపు. వాచిన పాదాలు వేడినీళ్లలో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న మెరుపు, వచ్చి దుప్పటి కప్పుతున్న పాప.

ప్రతి ఫోటో వెనకా తేదీ, టైము రాసి సంతకం పెట్టమనేది.

"సంతకాలెందుకు? నువ్వేమన్నా పోలీసువా?"

"పెట్టు."

కోర్టుకి మొగుడు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. గొంతు గద్గదం చేసుకుని, పెళ్లినాడు మెరుపుకి చెప్పిన మాటే చెప్పాడు.

"నాకు ముందూ వెనకా ఎవరూ లేరండీ. కన్నవాళ్లు ఎప్పుడో పోయారు. పాపే నా లోకం. ఇలాంటిదాని దగ్గర పెరిగితే ఏమైపోతుంది?"

అతని లాయరు పోస్టరు ఎత్తి పట్టుకుని నాలుగువైపులా తిప్పి చూపించాడు, తనే వేసిన బొమ్మలాగా.

మెరుపు తరఫు లాయరమ్మ ఫోటోల కట్ట జడ్జిగారి ముందు పెట్టింది. ఆయన తేదీలు చూశారు. సంతకాలు చూశారు. ఎక్కాల ఫోటో దగ్గర ఆగిపోయారు.

అవతలి లాయరుకి చెమటలు పట్టాయి.

"ఇదంతా నాటకం! తీసినావిడని పిలిపించండి!"

ముసలావిడ వచ్చి బోనెక్కింది. మొగుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. వెనక నుంచి లాయరు కోటు పట్టుకుని లాగాడు. లాయరు విదిలించుకున్నాడు.

"ఈమె మీద మీకెందుకండీ ఇంత ప్రేమ? ఏమవుతారు మీరు ఈమెకి? నిజం చెప్పండి!"

ఆ ఒక్క ప్రశ్నా అడక్కుండా ఉంటే కేసుని ఇంకో ఏడాది సాగదీసేవాడు. అడిగాడు. అంతటితో సరి. ఆ మధ్యాహ్నమే పాప అమ్మ చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లు దిగింది. తీర్పు వినగానే, వెనక బెంచీలో కూర్చున్న ఆరుగురు డాన్సర్లూ వేళ్లు నోట్లో పెట్టి ఈలలు వేస్తుంటే బంట్రోతు ఆపలేక చెవులు మూసుకున్నాడు.

మెరుపొక్కతే ఈల వెయ్యలేదు. నెల్లాళ్లుగా తను తిట్టిన తిట్లన్నీ నోట్లో చేదుగా తిరుగుతున్నాయి.

బోనులో ముసలావిడ చెప్పిన జవాబు ఇంతే:

"ఆ అమ్మాయికి నేనేమీ కాను బాబూ, మీ కోటు పట్టుకుని లాగుతున్నాడే, వాణ్ణి కన్నతల్లిని."